ఉలేమా వల్లే ఆటోమన్ సామ్రాజ్యం మునిగిందా? ఇస్తాంబుల్ గైడు చెప్పిన కథ నిజమేనా?

లేఓవర్ లింగం
పోయిన నెల అమెరికా నుంచి వస్తుంటే ఇస్తాంబుల్‌లో 19 గంటల లేఓవర్ పడింది. హోటల్లో పడుకోవడం ఎందుకులే అని వాకింగ్ టూర్ ఒకటి బుక్ చేసుకున్నా. గ్రాండ్ బజార్ పక్కన చోర్లులు అలీ పాషా మదర్సా అని ఉంది. పేరుకే మదర్సా. లోపలంతా హుక్కా పొగ, టీ గ్లాసులు. ఒకప్పటి గదుల్లో దీపాలు, తివాచీలు అమ్ముతున్నారు. అక్కడే కూర్చోబెట్టి గైడు కథ మొదలెట్టాడు. ఇలాంటి చోట్ల చదివిన ముల్లాలే, అంటే ఉలేమా (ఇస్లాం మత పండితులు), తమ సామ్రాజ్యాన్ని ముంచారట. అచ్చు యంత్రాన్ని రెండున్నర శతాబ్దాలు రానివ్వలేదట. ఏ సుల్తాన్ కొత్త పని మొదలుపెట్టినా ఫత్వా ఇచ్చి దించేశారట.

టీ బాగుంది. కథే మరీ నున్నగా ఉంది. వాళ్లకి అన్నిటినీ ఆపేంత బలం ఉంటే, వాళ్ల మదర్సా హుక్కా సెంటర్ ఎలా అయింది? చరిత్ర తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

సూటిగా సుత్తి
గైడు చెప్పింది కరెక్టే. గుటెన్‌బర్గ్ 1450ల్లో అచ్చేస్తే, ఇస్తాంబుల్‌లో ముస్లింల ప్రెస్సు నుంచి మొదటి పుస్తకం వచ్చింది 1729లో. ఖగోళ పండితుడు తకీయుద్దీన్ అక్కడ అబ్జర్వేటరీ కడితే 1580లో షేఖుల్ ఇస్లాం సలహాతో పడగొట్టించారు. 1807లో సుల్తాన్ సెలీం 3 కొత్త సైన్యం పెడితే ఫత్వాతో దించారు. ఇంకేం కావాలి?

పాప్‌కార్న్
కుర్చీ వేసుకున్నా. మొదలెట్టండి.

తంబుర తాత
సుత్తి గారూ, మీరు చెప్పిన మూడూ జరిగినవే. వాటి మధ్యలో జరిగినవి వదిలేశారు.

ముందు అచ్చు సంగతి. ఇస్తాంబుల్‌లో యూదులు 1493 నుంచే అచ్చు వేసుకున్నారు, ఆర్మేనియన్లు 1567 నుంచి. కాబట్టి యంత్రం ఊళ్లోనే ఉంది. అరబిక్ లిపిలో అచ్చును నిషేధించిన 1485 నాటి ఫర్మానా ఒకటుందని అందరూ చెప్తారు గానీ, దాని ప్రతి ఇంతవరకు బయటపడలేదు. 1727లో ఇబ్రహీం ముతెఫెర్రికా (హంగేరీ నుంచి వచ్చి ముస్లిం అయినవాడు) ప్రెస్సు పెడతానంటే అనుమతి ఫత్వా ఇచ్చింది ఎవరు? షేఖుల్ ఇస్లాం యెనిషెహిర్లి అబ్దుల్లా ఎఫెండి. పెద్ద పెద్ద ఉలేమా మెచ్చుకుంటూ రాసిచ్చారు. ప్రూఫులు చూసే పనీ ఉలేమాకే అప్పజెప్పారు. షరతు ఒకటే: తఫ్సీర్ (ఖురాన్ వ్యాఖ్యానం), హదీసు (ప్రవక్త మాటలు), ఫిఖ్ (ఇస్లాం న్యాయశాస్త్రం) లాంటి మత గ్రంథాలు వెయ్యకూడదు. మొదట వచ్చింది నిఘంటువు. 1742 దాకా వేసినవి మొత్తం 17 పుస్తకాలు. ఆయన పోయేనాటికి అమ్ముడుపోని కాపీలు బోలెడు మిగిలాయి. దానికి ఏ ముల్లాని తిడదాం?

సూటిగా సుత్తి
"షరతు ఒకటే" అని మీరే అన్నారు. జనం ఎక్కువగా చదివే పుస్తకాలే వెయ్యొద్దంటే ప్రెస్సు ఎలా నిలబడుతుంది? హోటల్ పెట్టుకో గానీ అన్నం వండకు అన్నట్టుంది.

తంబుర తాత
ఆ మాట ఒప్పుకుంటాను. మత విషయం మీద ఇస్తాంబుల్‌లో మొదటి అచ్చు పుస్తకం 1803లో గానీ రాలేదు.

పాప్‌కార్న్
తాతగారు ఒప్పుకున్నారు. ఫోరం చరిత్రలో మొదటిసారి. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఖమ్మం కాఫీ
షేఖుల్ ఇస్లాం అంటే ఎవరు? మన పీఠాధిపతుల్లాగానా?

తంబుర తాత
కాదమ్మా, అక్కడే అసలు కిటుకు. పీఠాధిపతిని ప్రభుత్వం నియమించదు, పీకదు. షేఖుల్ ఇస్లాంని సుల్తానే పెడతాడు, సుల్తానే తీసేస్తాడు. కింద పెద్ద నిచ్చెన ఉంటుంది. మదర్సా విద్యార్థిని సోఫ్తా అంటారు. తర్వాత ముదర్రిసు (మదర్సా పంతులు), ఖాజీ (జడ్జి), పైన రూమేలీకి (యూరప్ వైపు) ఒకరు, అనటోలియాకి (ఆసియా వైపు) ఒకరు ఖాజీ అస్కర్లు, అంటే పెద్ద జడ్జీలు, ఆ పైన షేఖుల్ ఇస్లాం. సర్కారీ సర్వీసు అన్నమాట. 18వ శతాబ్దానికి పై మెట్లన్నీ కొన్ని కుటుంబాల చేతుల్లోకి వెళ్లాయి. కింద సోఫ్తాలు వేలల్లో, ఉద్యోగాలు వందల్లో. కాబట్టి "ఉలేమా ఏమన్నారు" అని అడిగితే జవాబు రాదు. ఏ మెట్టు మీదివాళ్లు అని అడగాలి.

అలాగని తోలుబొమ్మ కూడా కాదు. సుల్తాన్‌ను దించాలంటే ఆయన సంతకం కావాలి. మరోవైపు ముగ్గురు షేఖుల్ ఇస్లాంలు 1634లో, 1656లో, 1703లో ప్రాణాలే పోగొట్టుకున్నారు. 1821లో గ్రీకులు తిరగబడినప్పుడు వాళ్లందరినీ చంపడానికి ఫత్వా ఇమ్మంటే హాజీ ఖలీల్ ఎఫెండి ఇవ్వలేదు. పదవి పోయింది.

పాతబస్తీ ఇరానీ
తాతగారి చివరి ముక్క మా ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు. స్కూల్లో మాకు మొఘలులు చెప్పారు, బహమనీలు చెప్పారు, తుర్కీ అంటే ఖిలాఫత్ ఉద్యమం ఒక్క పేజీ. అంతే.

మ్యూనిక్ మీనాక్షి
మా టీమ్‌లో టర్కీ అమ్మాయి ఒకతి ఉంది. ఈ థ్రెడ్ గురించి చెప్తే నవ్వింది. "మా ఇంట్లో నాన్న ఒక కథ చెప్తాడు, తాత ఇంకో కథ చెప్తాడు, పండక్కి కలిస్తే గొడవ" అంది. నాన్న చెప్పేది అచ్చం గైడు కథేనట. తాత దృష్టిలో సంస్కరణలు మొదలెట్టిన సుల్తాన్లే సగం కాఫిర్లు.

లేఓవర్ లింగం
1807 సంగతి ఎవరూ తేల్చలేదు. ఫత్వాతో దించారా లేదా?

తంబుర తాత
దించారు. కబక్చి ముస్తఫా తిరుగుబాటు, షేఖుల్ ఇస్లాం అతావుల్లా ఎఫెండి ఫత్వా. మరుసటి ఏడాది సెలీంను చంపేశారు కూడా. అప్పుడు ఉలేమాలో చాలామంది జానిసరీల వైపున్నారు. కానీ 19 ఏళ్ల తర్వాత ఏమైందో చూడండి. అసలు కథ అక్కడే ఉంది, కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

జానిసరీలంటే పాత సైన్యం. ఒకప్పుడు యూరప్ వణికింది వాళ్లకే. 19వ శతాబ్దానికి సగంమంది కొట్లు నడుపుకుంటూ జీతాలు తీసుకునేవాళ్లు. యుద్ధానికి పనికిరారు, తీసేద్దామంటే తిరగబడతారు. గ్రీకు తిరుగుబాటులో వీళ్లు చేతులెత్తేశారు. ఈజిప్టు గవర్నరు మెహ్మెద్ అలీ కొత్త పద్ధతిలో తర్ఫీదిచ్చిన సైన్యం వచ్చి 1826 ఏప్రిల్‌లో గ్రీకుల మిసోలొంగి కోట పట్టింది. ముస్లిం సైనికులు ఫ్రెంచి డ్రిల్లు చేసీ ముస్లింలుగానే ఉండొచ్చని అందరూ కళ్లారా చూశారు. సుల్తాన్ మహ్మూద్ 2 ఈలోగా పై పదవుల్లో తనవాళ్లను నింపుకున్నాడు.

జూన్ 15న జానిసరీలు వంట దేగిశాలు బోర్లించి వీధిలోకి వచ్చారు. తిరుగుబాటుకి అదే వాళ్ల గుర్తు. ఉలేమా ఈసారి రాజభవనంలో చేరారు. ప్రవక్తదిగా భావించే జెండా బయటికి తీశారు. షేఖుల్ ఇస్లాం తాహిర్ ఎఫెండి వాళ్లను చంపడం న్యాయమే అన్నాడు. మదర్సా కుర్రాళ్లు కూడా సుల్తాన్ వైపే వచ్చారు. బ్యారక్‌లపై ఫిరంగులు పేల్చారు. సాయంత్రానికి నాలుగు శతాబ్దాల పైబడిన సైన్యం లేదు. కొత్త సైన్యం పేరేమిటో తెలుసా, "ముహమ్మద్ వారి విజయ సైన్యం". ఒక్కో దళానికి ఒక ఇమాం.

శాస్త్రం ఏం చూపించారంటే, "మీ శక్తి కొద్దీ బలాన్ని సిద్ధం చేసుకోండి" అన్న ఖురాన్ వాక్యం. దానితోపాటు శత్రువు ఆయుధంతోనే శత్రువును ఎదుర్కోవడం అన్న పాత సూత్రం. ఇరవై ఏళ్ల ముందు కూడా ఈ రెండూ కితాబుల్లో ఉన్నాయి. చదివేవాళ్ల అవసరం మారింది.

సూటిగా సుత్తి
అంటే కుర్చీ కోసం ఫత్వా మార్చారనేగా. నేనన్నదీ అదే.

పాతబస్తీ ఇరానీ
సుత్తి భాయ్, మీరన్నది అది కాదు. పైన "ఆపేశారు" అన్నారు. ఇప్పుడు "అమ్ముడుపోయారు" అంటున్నారు. ఒకటి తేల్చుకోండి.

పాప్‌కార్న్
😂 సుత్తి దెబ్బ సుత్తికే

కర్నూలు కుర్రోడు
ఉలేమా చెప్తే జనం వినే సంగతి నాకు అనుభవం. కరోనా మొదటి లాక్‌డౌన్‌లో మా వీధిలో పోలీసు మైకు, మున్సిపాలిటీ ఆటో, ఎవరు చెప్పినా అరుగుల మీద ముచ్చట్లు ఆగలేదు. మా మసీదు ఇమాం సాబ్ మైకులో "ఇంట్లోనే నమాజు చేసుకోండి, ఇది దీన్‌కి విరుద్ధం కాదు" అని రెండు నిమిషాలు చెప్పాడు. సాయంత్రానికి వీధి ఖాళీ. మా నాయనమ్మ కూడా లోపలికి పోయింది, ఆమె కలెక్టర్ చెప్పినా వినే రకం కాదు.

తంబుర తాత
కుర్రోడా, 1838లో ఇస్తాంబుల్‌లో అచ్చంగా అదే జరిగింది. ప్లేగు వచ్చినప్పుడల్లా "దేవుడి రాత, క్వారంటైన్ కాఫిర్ల పద్ధతి" అనేవాళ్లు ఉండేవారు. ఆ ఏడాది క్వారంటైన్ మండలి పెట్టే ముందు షేఖుల్ ఇస్లాం చేత అది ధర్మసమ్మతమే అని ఫత్వా ఇప్పించారు. ఆ తర్వాతే కట్టడి మొదలైంది.

వైద్యంలో ఇంకో మనిషి ఉన్నాడు, షానీజాదె అతావుల్లా. మదర్సాలో చదివి, ఉలేమా పదవుల్లో ఉండి, 1820లో యూరప్ వైద్యాన్ని బట్టి బొమ్మలతో శరీర నిర్మాణశాస్త్రం అచ్చు వేయించాడు. మనిషి శరీరం బొమ్మలు! 1807 అతావుల్లా వేరు, ఈయన వేరు, కలపకండి.

ఖమ్మం కాఫీ
మరి అంత మంచిగా అన్నిటికీ సంతకాలు పెట్టినవాళ్లకి ఏమైంది? లింగం గారి హుక్కా సంగతి ఇంకా తేలలేదు.

గుమాస్తా గోవిందు
నాకు అర్థమైంది నేను చెప్తాను, తప్పయితే తాతగారు దిద్దండి. మా ఆఫీసులో మొదట కంప్యూటర్లు వచ్చినప్పుడు రికార్డు రూము సూపరింటెండెంట్ ఒకాయన ఉండేవారు. కిందివాళ్లందరూ వద్దంటే ఆయనే ముందుపడి "మంచిదేనోయ్, మనకే గౌరవం" అని ఒప్పించారు. రెండేళ్లలో ఫైళ్లన్నీ కంప్యూటర్‌లోకి వెళ్లాయి, ఆయన తాళాల గుత్తికి పనిలేకుండా పోయింది. రిటైరయ్యేదాకా ఆ గుత్తి జేబులోనే పెట్టుకు తిరిగారు పాపం. ఇదీ అలాంటిదేనా?

తంబుర తాత
గోవిందు గారూ, నేను క్లాసులో ముప్పై ఏళ్లు చెప్పినా ఇంత బాగా చెప్పలేకపోయాను.

జానిసరీలు పోయిన 1826లోనే రెండు పనులు జరిగాయి. జానిసరీల సేనాపతి భవనాన్ని షేఖుల్ ఇస్లాంకి ఆఫీసుగా ఇచ్చారు. అంతకుముందు ఆయన ఇంటి నుంచే పని చేసేవాడు. చూడ్డానికి గౌరవమే. (సులేమానియా మసీదు పక్కన ఇప్పటికీ ఇస్తాంబుల్ ముఫ్తీ కార్యాలయం అక్కడే.) అదే ఏడు వక్ఫ్‌ల కోసం ప్రత్యేక శాఖ పెట్టి వాటి ఆదాయాన్ని సర్కారు తన చేతిలోకి తెచ్చుకోవడం మొదలెట్టింది. మదర్సాలకు, మసీదులకు, ముదర్రిసులకు తిండి పెట్టేది వక్ఫ్ డబ్బే. ఆ డబ్బు ఖజానా దారి పట్టింది. తర్వాత కొత్త కోర్టులు, కొత్త స్కూళ్లు వేరే పెట్టారు. మదర్సాని ఎవరూ మూయలేదు, బాగుచేయనూ లేదు. పక్కన పెట్టేశారు.

ఈ దెబ్బ పై మెట్టువాళ్లకి పెద్దగా తగల్లేదు, జీతాలొచ్చాయి. కింద సోఫ్తాలకి తగిలింది.

సూటిగా సుత్తి
పాపం సోఫ్తాలు అనకండి. మదర్సాలో పేరుంటే సైన్యంలో చేరక్కర్లేదు. అందుకే జనం పేర్లు రాయించుకున్నారు. పరీక్ష పెడతామంటే గొడవలు. 1909లో షరియత్ కావాలని రోడ్డెక్కింది కూడా వీళ్లేగా?

ఇంకోటి. 1855లో బానిసల వ్యాపారం ఆపుతారని వార్త వస్తే మక్కా ఉలేమా తిరుగుబాటు లేపారు. దీనికేమంటారు?

తంబుర తాత
సైన్యం సంగతి నిజం. 1909లో సైనికులు, సోఫ్తాలు కలిసి వచ్చారు, అదీ నిజం. కానీ ఆ తిరుగుబాటు అణిగాక సుల్తాన్ అబ్దుల్ హమీద్‌ను దించిన ఫత్వా ముసాయిదా రాసింది మళ్లీ ఒక ఆలిమే (ఉలేమాలో ఒకరు), ఎల్మలీలి హమ్దీ. అప్పుడు పార్లమెంటు సభ్యుడు. ఖురాన్‌కి తుర్కీ భాషలో పెద్ద వ్యాఖ్యానం రాసినాయన ఆయనే.

మక్కా విషయం మీరన్నట్టే జరిగింది. ఆ ఫత్వాకి ఎదురుగా ఇస్తాంబుల్ షేఖుల్ ఇస్లాం మక్కా వాళ్లకి జాబు రాశాడు. అయినా 1857లో ఆఫ్రికా బానిసల వ్యాపారాన్ని నిషేధించిన ఫర్మానాలో హిజాజ్‌ని (మక్కా, మదీనా ఉన్న ప్రాంతం) మినహాయించారు. సుల్తాన్ తలొగ్గాడు. దీన్ని సమర్థించను.

మ్యూనిక్ మీనాక్షి
ఎవరూ జెవ్దెత్ పాషా పేరు ఎత్తలేదేంటి? మా టర్కీ అమ్మాయి నాన్న, తాత ఇద్దరూ ఒప్పుకునే ఒకే ఒక్క మనిషట.

బల్గేరియాలోని లొఫ్చాలో పుట్టి, 1839లో మదర్సా చదువుకి ఇస్తాంబుల్ వచ్చాడు. అదే ఏడాది నవంబర్ 3న గుల్హానె ఫర్మానా, అంటే తంజీమాత్ అనే సంస్కరణల కాలం మొదలు. సంస్కరణల పెద్ద రెషీద్ పాషాకి షరియత్ తెలిసిన, మనసు విశాలమైన ఆలిం ఒకడు కావాల్సి వచ్చి షేఖుల్ ఇస్లాం కార్యాలయాన్ని అడిగితే ఈ కుర్రాణ్ని పంపారు. అంతే, జీవితం మారిపోయింది.

1860ల్లో సివిల్ చట్టం కావాలన్నప్పుడు ప్రధాని ఆలీ పాషా వర్గం నెపోలియన్ చట్టాన్ని తర్జుమా చేసేద్దాం అంది. జెవ్దెత్ మాత్రం హనఫీ సంప్రదాయపు ఫిఖ్ నుంచే కొత్త పద్ధతిలో సెక్షన్లు వేసి రాద్దామన్నాడు. మెజెల్లె అంటారు దాన్ని. 1869 నుంచి 1876 దాకా రాశారు, 16 భాగాలు, 1851 సెక్షన్లు.

సూటిగా సుత్తి
దాన్ని అడ్డుకున్నదెవరో కూడా చెప్పండి మేడం.

మ్యూనిక్ మీనాక్షి
చెప్తాను, దాచడం దేనికి. షేఖుల్ ఇస్లాం హసన్ ఫెహ్మీ ఎఫెండి. ఫిఖ్ పని న్యాయశాఖలో చేయడమేమిటి, అది మా ఆఫీసు పని అన్నాడు. మెజెల్లె తప్పని కాదు, మా టేబుల్ మీదికి రావాలని. కొన్నాళ్లు జెవ్దెత్‌ని తప్పించారు కూడా. ఆలిం రాస్తే ఇంకో ఆలిం ఆపాడు.

గుమాస్తా గోవిందు
ఫైలు ఎవరి సెక్షన్ నుంచి కదలాలి అన్న గొడవ! 150 ఏళ్లయినా ఏ దేశంలోనూ తీరలేదు.

తంబుర తాత
మెజెల్లెలో 39వ సెక్షన్ నాకు ఇష్టం. కాలం మారితే తీర్పులు మారడాన్ని కాదనలేం అని దాని అర్థం. ఆ హసన్ ఫెహ్మీయే 1870లో దారుల్ ఫునూన్‌లో, అంటే కొత్త యూనివర్సిటీలో, ముస్లిం సంస్కర్త జమాలుద్దీన్ అఫ్ఘానీ ఉపన్యాసం మీద దుమారం లేపాడు. ప్రవక్త పదవిని చేతిపనులతో పోల్చాడని అభియోగం. అఫ్ఘానీని ఊరు దాటించారు. యూనివర్సిటీ అధిపతి తహ్సీన్ ఎఫెండి ఉద్యోగం పోయింది. ఆ తహ్సీన్ కూడా తలపాగా హోజానే (మత గురువే). మన సుత్తి గారికి ఇలాంటివి ఇంకో పది దొరుకుతాయి, కాదనను.

ఖమ్మం కాఫీ
ఉస్మానియా యూనివర్సిటీ కూడా వీళ్లదేనా? ఆటోమన్ అంటే ఉస్మానీ కదా?

పాతబస్తీ ఇరానీ
కాదు కాదు 😀 మన ఉస్మానియా మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద, 1918. వాళ్ల ఉస్మాన్ వేరు. కానీ చుట్టరికం తర్వాత నిజంగానే కలిసింది. 1924లో ఖలీఫా అబ్దుల్ మజీద్‌ను దేశం నుంచి పంపేస్తే నిజాం నెలకి 300 పౌండ్లు పంపేవాడు. 1931లో ఆయన కూతురు దుర్రు షెహ్వార్‌కి నిజాం పెద్దకొడుకుతో నీస్‌లో నిఖా అయింది. పురానీ హవేలీ దగ్గర ఆసుపత్రి ఆమె పేరే. అప్పుడే రెండో కొడుకుని చేసుకున్న నీలోఫర్ కూడా ఆ ఖాందానే.

పాప్‌కార్న్
నీలోఫర్ అంటే బిస్కెట్లు అనుకునే బ్యాచ్ నేను. క్షమించండి.

పాతబస్తీ ఇరానీ
ఇంకో ముచ్చట. మా దాదాజాన్ ఇనప్పెట్టెలో ఎర్ర రూమీ టోపీ ఉంది, నల్ల కుచ్చుతో. చిన్నప్పుడు పెట్టుకుంటే తిట్టేవారు. మసీదు బట్టలంత మర్యాద దానికి. ఈ థ్రెడ్ చదివాక వెతికి చూశా. మహ్మూద్ 2 తలపాగాలు తీయించి ఉద్యోగులకి ఈ టోపీ పెట్టినప్పుడు, 1829లో, జనం కాఫిర్ పాదుషా అని తిట్టారట. ఉలేమాకి మాత్రం తలపాగా, జుబ్బా ఉంచేశాడు.

తర్వాత వందేళ్లు కూడా కాలేదు, 1925లో ముస్తఫా కెమాల్ (అతాతుర్క్) ఈ టోపీ తీసేసి యూరప్ హ్యాటు పెట్టమన్నాడు. అప్పటికి ఇదే ఇస్లాం గుర్తు అయిపోయింది! హ్యాటుకి వ్యతిరేకంగా చిన్న పుస్తకం రాసినందుకు ఇస్కిలిప్లి ఆతిఫ్ హోజాని 1926లో ఉరితీశారు. చట్టం రాకముందు రాసిన పుస్తకం. తుర్కీలో నేరమైన టోపీ మా దాదా హైదరాబాద్‌లో ఈద్‌కి దర్జాగా పెట్టుకునేవారు. పెట్టె తెరిచేసరికి కుచ్చుని పురుగు తినేసింది.

లేఓవర్ లింగం
ఆ ఉరి సంగతి గైడు చెప్పలేదు.

సరే, ఇప్పుడు మదర్సా ఎప్పుడు మూతపడిందో ఎవరైనా చెప్తారా? 1924 అని అక్కడక్కడ కనిపిస్తోంది.

తంబుర తాత
1924 మార్చి 3. ఒకే రోజు ఖిలాఫత్ రద్దు, షరియత్ వక్ఫ్ మంత్రిత్వ శాఖ రద్దు, చదువులన్నీ ఒకే శాఖ కిందికి. ఆ చట్టం ఆసరాతోనే మదర్సాలు మూసేశారు. 1914లో మదర్సాల్లో లెక్కలు, సైన్సు పెట్టి మార్చే పని షేఖుల్ ఇస్లాం హయ్రీ ఎఫెండి మొదలెట్టాడు. అదే ఏడాది ప్రపంచ యుద్ధం. పదేళ్లు కూడా మిగల్లేదు.

అదే మార్చి 3న మత వ్యవహారాలకి దియానెత్ అనే కొత్త ఆఫీసు పెట్టారు. దాని మొదటి అధిపతి అంకారా ముఫ్తీ రిఫాత్ ఎఫెండి. 1920లో ఇస్తాంబుల్ షేఖుల్ ఇస్లాం దుర్రీజాదె, ముస్తఫా కెమాల్ మనుషుల్ని చంపొచ్చని ఫత్వా ఇస్తే, ఎదురు ఫత్వా ఇచ్చింది ఈయనే. సంతకం పెట్టేవాళ్లు అప్పుడూ దొరికారు.

సూటిగా సుత్తి
నా అభిప్రాయం మారలేదు. 1580 నుంచి 1870 దాకా అడ్డుపడిన లెక్క మీరెవరూ కొట్టెయ్యలేదు. కాకపోతే అందరూ ఒకే ముఠా అన్నది వెనక్కి తీసుకుంటా. అంతవరకే.

పాప్‌కార్న్
ఇంకో స్క్రీన్‌షాట్.

లేఓవర్ లింగం
టూర్ రివ్యూలో గైడుకి 5 స్టార్లు ఇచ్చా. ఇప్పుడు మార్చాలా?

గుమాస్తా గోవిందు
టీకి 5, కథకి 2 ఇవ్వండి. సరాసరి వాళ్లే వేసుకుంటారు.

మ్యూనిక్ మీనాక్షి
లింగం గారూ, మీ దగ్గర 50 లీరాల నోటు ఏదైనా మిగిలిందా? వెనక వైపు చూడండి.

లేఓవర్ లింగం
ఉంది, పర్సులోనే. ఎవరో ఆడమనిషి బొమ్మ. ఫాత్మా అలియె అని రాసుంది.

మ్యూనిక్ మీనాక్షి
రచయిత్రి, నవలలు రాసింది. జెవ్దెత్ పాషా కూతురు.

సూటిగా సుత్తి
ఆ నోటు 2009లో వచ్చింది. ఫత్వాతో కాదు 🙂

లేఓవర్ లింగం
హుక్కా బిల్లుకి ఇవే నాలుగు ఇచ్చొచ్చా. ఒక్కదాన్నీ తిప్పి చూడలేదు.